ఔనండిగారి మొదటి అభిప్రాయం

ఆయన సెలూన్‌కి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. గాలివానకి ఊడిపడితే మళ్ళీ పెట్టించలేదు, పెట్టించాల్సిన అవసరమూ రాలేదు. ఔనండిగారి షాపు ఎక్కడని అడిగితే ఆ వీధిలో ఎవరైనా చెయ్యి చాచి చూపిస్తారు. మందుల షాపుని ఆనుకుని ఒక గది. గోడంతా అద్దం. రెండు కుర్చీలు, ఒకటి తిరుగుతుంది, ఒకటి తిరగదు. తిరగని దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తాడు. గుమ్మం పక్కన పొడుగాటి బెంచీ. పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూర్చుని దాని చెక్క నున్నగా అరిగిపోయింది.

ఔనండి అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టిన పేరు. ఎవరేమన్నా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడట: "తల మన చేతికి ఇచ్చాడు, చాలదా? అభిప్రాయం కూడా మనకెందుకురా, అది వాడి దగ్గరే ఉండనీ." కుర్రతనంలో విన్న ఆ మాటని ఔనండిగారు జుట్టు నెరిసేదాకా పట్టుకునే ఉన్నాడు. ఎండలు మండిపోతున్నాయంటే ఔనండి. పోయినేడంత లేవులెండి అంటే అదీ ఔనండి. ఎన్నికలప్పుడు పోటీలో ఉన్న ఇద్దరూ ఒకే పొద్దున వచ్చి గడ్డం గీయించుకుని, ఇద్దరూ గెలుపు ఖాయమన్న ధీమాతో మెట్లు దిగి వెళ్ళారు. ఓడినాయన ఆ తర్వాత వచ్చి "అన్యాయం జరిగిందండీ" అంటే, కత్తి నూరుకుంటూ దానికీ ఔనన్నాడు.

ఇంట్లోనూ అంతే. ఆయన భార్య బేకరీలో కౌంటరు చూస్తుంది. ముందుగదికి ఆకుపచ్చ కర్టెన్లు వేద్దామని ఆవిడ అంటే సరేనన్నాడు. నీలంవి బావుంటాయని కూతురు అంటే దానికీ సరేనన్నాడు. తల్లీ కూతుళ్ళు ఎవరి పట్టు వాళ్ళు పట్టారు. ఆ కిటికీకి చాలా ఏళ్ళు ఏ గుడ్డా లేకుండా ఎదురింటివాళ్ళు వీళ్ళ టీవీ చూస్తూ గడిపారు.

ఆయనకి ఇందులో బాధేమీ లేదు. లోపల ఒక మాట పెట్టుకుని పైకి ఇంకో మాట చెప్పే మనిషి కాడు. లోపల అసలు ఏ మాటా ఉండేది కాదు. అందుకే మొహం ఎప్పుడూ ప్రశాంతంగా ఉండేది. ఆ ప్రశాంతతని చూసి జనం జ్ఞానం అనుకునేవాళ్ళు.

కూతురికి నర్సు ఉద్యోగం వచ్చి ఆసుపత్రి క్వార్టర్స్‌కి వెళ్ళిపోయాక, ఆమె చిన్నప్పటి పుస్తకాల అట్టపెట్టె ఒకటి తల్లి మంచం కింద ఉండిపోయింది. ఆవిడ కొన్నాళ్ళు ఓర్చుకుని, "దాన్ని మంచం కింద నుంచి తీస్తారా, నన్ను మంచం మీద నుంచి లేవమంటారా?" అంది. పెట్టె సెలూన్‌కి చేరింది. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చే పిల్లలు గోల చెయ్యకుండా చదువుకుంటారని ఆయన వాటిని తీసి బెంచీ పక్కన అలమరలో పేర్చాడు.

అవి 'గాలిపడవ' పుస్తకాలు. మొత్తం తొమ్మిది. ఒక అన్న, ఒక చెల్లెలు, వాళ్ళ మేక, ముగ్గురూ ఎక్కి తిరిగే ఎగిరే పడవ. ప్రతి పుస్తకంలో ఒక కొత్త దీవి, ఒక ఆపద. సరిగ్గా అవసరమైన కాగితాన్నే మేక నమిలి మింగేస్తుంది. రెండు తరాల పిల్లలు వాటిని దుప్పట్లో దూరి మరీ చదివారు. వాటిని చదవనివాడు ఆ వీధిలో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడే ఔనండిగారు.

పిల్లలకోసం పెడితే పెద్దలు పట్టుకున్నారు. బట్టతల వచ్చిన మనుషులు కూడా బెంచీ మీద కూర్చుని, తమ వంతు వస్తే "ఈ అధ్యాయం అయిపోనివ్వండి" అనడం మొదలుపెట్టారు. చదివినవాళ్ళు మాట్లాడకుండా ఉంటారా? తొమ్మిదింటిలో ఎనిమిది పుస్తకాల గురించి ఎవరికీ పేచీ లేదు. గొడవంతా ఐదోదాని దగ్గర వచ్చింది.

ఐదో పుస్తకంలో పడవ ఎగరదు. అమ్మ ఎదురుచూస్తున్న దీవికి తిరిగి వెళుతుంటే మొదటి అధ్యాయంలోనే చుక్కాని విరుగుతుంది. ఒక రేవులో, రేకుల షెడ్డులో పడవలు బాగుచేసే మేస్త్రి దగ్గర దిగుతారు. ఇక అక్కడే. వాన పడుతుంది. మేకకి జలుబు చేస్తుంది. మేస్త్రి వాళ్ళకి వేడివేడిగా తాగడానికేదో కాచి ఇచ్చి, ఇప్పటిదాకా తిరిగిన దీవుల కబుర్లు అడుగుతాడు. చివరి అధ్యాయంలో చుక్కాని బాగవుతుంది, పడవ లేస్తుంది. అయిపోయింది.

లెక్కల మాస్టారికి ఆ పుస్తకం పేరెత్తితే ఒళ్ళు మండేది. "రాసినాయన అలిసిపోయాడండీ. ప్రచురణకర్తకి మాటిచ్చేసి ఉంటాడు, ఏదో ఒకటి రాసి పడేశాడు. కథ ఒక్క అడుగు కదిలితే ఒట్టు!" అనేవాడు గడ్డం పైకెత్తి.

"ఔనండి," అనేవాడు ఆయన, గడ్డానికి నురగ పట్టిస్తూ.

పక్క మందుల షాపాయనది మరో లోకం. "ఎగరడం ఎవడైనా రాస్తాడు. ఆగడం రాయమనండి చూద్దాం! మిగతా ఎనిమిదీ ఈ ఒక్కదానికోసమే రాశాడేమో అనిపిస్తుంది నాకు."

"ఔనండి."

కొడుకుని కటింగ్‌కి తీసుకొచ్చే డ్రైవింగ్ స్కూల్ మేడమ్‌కి ఈ బాధలేవీ లేవు. "నాలుగు తర్వాత ఆరు చదివేస్తే సరిపోతుంది కదండీ. ఎదురుగా గుంట కనబడుతుంటే పక్కనుంచి పోతాం గానీ దిగి చూస్తామా?" అనేది.

దానికీ ఔనండే.

ముగ్గురూ వేర్వేరు వేళల్లో వచ్చేవాళ్ళు కాబట్టి ఇది ఏళ్ళ తరబడి హాయిగా సాగింది. ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. మాస్టారు కుర్చీలో ఉన్నాడు, మేడమ్ కొడుకుతో బెంచీ మీద ఉంది, మందుల షాపాయన కరెంటు పోయిందని ఇటొచ్చాడు. మాట ఐదో పుస్తకం మీదికి మళ్ళింది.

"ఔనండిగారు ఎప్పుడో ఒప్పుకున్నారు, అది చెత్త అని," అన్నాడు మాస్టారు.

"మీతోనా? నాతో కదా అన్నారు, అదే అన్నిటికంటే గొప్పదని!"

"వదిలెయ్యమన్నారు నాతో," అంది మేడమ్.

ముగ్గురూ అద్దంలో ఆయన మొహం కేసి చూశారు. ఆయన నురగ గొంతుకి అడ్డం పడినట్టు చాలాసేపు దగ్గాడు. వాళ్ళకి ఆయన మీద అనుమానం రాలేదు. ఎదుటివాళ్ళే ఆయన మాటని తమకి కావలసినట్టు తిప్పుకున్నారని ఒకరి మీద ఒకరికి కోపం వచ్చింది. చివరికి మాస్టారే దారి చూపించాడు. ఆదివారం షాపు కట్టేశాక అందరం కూర్చుందాం, ఎవరి వాదన వాళ్ళు చెబుదాం, తీర్పు ఔనండిగారిది.

"ఇన్నేళ్ళుగా అందరి మాటా ఓపిగ్గా విన్నది ఆయనొక్కరే. ఏమండీ, చెబుతారుగా?"

"ఔనండి," అన్నాడు ఆయన. నోటికి అలవాటైన మాట, ఆపుకునే వ్యవధి కూడా లేకపోయింది.

ఇంటికెళ్ళి భార్యని అడిగాడు. "ఆ ఐదో గాలిపడవ ఎలా ఉంటుంది?"

"ఎన్నిసార్లు చదివి వినిపించానో దానికి. సగంలో నాకే కునుకు పట్టేది. పిల్ల నన్ను లేపి చదివించేది."

"అయితే బావుండదన్నమాట."

"పిల్లని నిద్రపుచ్చడానికి తెచ్చిన పుస్తకం, తల్లిని నిద్రపుచ్చింది. బావుందో లేదో మీరే చెప్పండి."

అక్కడ తేలలేదని కూతురికి ఫోన్ చేశాడు. "నాన్నా, దాని జోలికెళ్ళకు," అంది ఆమె. "హాస్టల్లో దాని గురించే రూమ్మేట్‌తో మాటలు మానేశాను."

"తప్పెవరిదమ్మా?"

"దానిదే! నాన్నా, వార్డులో పిలుస్తున్నారు, ఉంటా." ఫోన్ పెట్టేసింది. కూతురు ఏ పక్షమో, రూమ్మేట్ ఏ పక్షమో ఆయనకి తెలియనే లేదు.

ఇక తప్పదని పుస్తకం తీశాడు. బళ్ళో పాఠాల తర్వాత ఆయన మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా ఏ పుస్తకమూ చదవలేదు. గిరాకీ లేనప్పుడు తిరిగే కుర్చీలో కూర్చుని, పెదవులు కదుపుతూ చదివాడు. మొదట్లో బాగానే ఉంది. మేస్త్రి షెడ్డులోకి వెళ్ళాక కొంతసేపటికి ఛాతీ కింద ఏదో రగులుతున్నట్టు అనిపించింది. పొద్దున తిన్నది పడలేదేమో అనుకుని పక్క షాపుకెళ్ళి మాత్ర తెచ్చుకుని వేసుకున్నాడు. తగ్గలేదు. మళ్ళీ పుస్తకం తీస్తే మళ్ళీ ఎక్కువైంది. ఆ వయసులో మొట్టమొదటిసారి ఒక అభిప్రాయం పుట్టుకొస్తుంటే అది మాత్రకి లొంగుతుందా? ఆ సంగతి ఆయనకీ తెలియదు, మాత్ర ఇచ్చిన పెద్దమనిషికీ తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించారు. మాస్టారి చేతిలో పుస్తకం, దాన్నిండా గుర్తులకి పెట్టిన కాగితం ముక్కలు. మందుల షాపాయన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. మేడమ్ కొడుకుని ఇంట్లో వదిలి వచ్చింది. ఔనండిగారి భార్య బేకరీ నుంచి బిస్కెట్ల పొట్లం తెచ్చి, "నేనేం మాట్లాడను, చూడ్డానికొచ్చాను" అంటూ తువ్వాళ్ళు జరిపి తిరగని కుర్చీలో కూర్చుంది.

మాస్టారు మొదలుపెట్టాడు. ఒక్క దొంగ లేడు, ఒక్క తుఫాను లేదు, మేక కూడా ఏమీ తినదు. మేక తినని గాలిపడవ గాలిపడవేనా? మందుల షాపాయన లేచి, వాన పడే అధ్యాయం చదివి వినిపించాడు. చదువుతూ ఆయన గొంతు పూడుకుపోయింది. "గొంతు పూడుకోవడం రుజువు కాదండీ" అన్నాడు మాస్టారు. "మీ తరగతిలో పిల్లలు ఆవలించడం రుజువా?" అన్నాడు ఈయన. మేడమ్ తన మాట ఒక్క ముక్కలో చెప్పేసి బిస్కెట్లు తింది. చివరికి అందరూ ఔనండిగారి వైపు తిరిగారు.

ఆయన నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక దువ్వెన అందుకున్నాడు.

"పుస్తకం బావుందా లేదా అన్నది తర్వాత చూద్దామండీ," అన్నాడు. "ఆ మేస్త్రి దొంగ."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ చుక్కాని పని అంత పని కాదండీ. విరిగింది ఒక్క చెక్క. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది. వాడు కావాలనే సాగదీశాడు. పిల్లలు వెళ్ళిపోతే షెడ్డులో మళ్ళీ ఒక్కడే కదా, కబుర్లు చెప్పేవాళ్ళు ఉండరని. వాళ్ళమ్మ అక్కడ దీవిలో వీళ్ళకోసం ఎదురుచూస్తుంటే వీడికి కబుర్లు కావాల్సి వచ్చాయి!" ఆయన గొంతు లేచింది. ఆ గొంతు ఇంత పైకి పోతుందని ఆయన భార్యకే తెలియదు.

"చెక్క దూరం నుంచి రావాలని రాశాడుగా!" అన్నాడు మాస్టారు.

"రాయలేదండీ. మేస్త్రి అలా అన్నాడని రాశాడు."

"మేస్త్రిని అంత మాటంటారా? ఆ పుస్తకానికి ప్రాణమే మేస్త్రి!" అన్నాడు మందుల షాపాయన. "అసలు వాడు కావాలని ఆలస్యం చేశాడని మీకెలా తెలుసు?"

"తెలుసండీ. నేనూ అదే చేస్తాను కాబట్టి."

ఔనండిగారు ఉత్సాహంలో ఉన్నాడు. ఆపాల్సిన చోటు దాటిపోయిందని గమనించలేదు. కత్తెర తీసి మాస్టారి తల పక్కన గాల్లో టకటకా ఆడించి చూపించాడు. "ఇదిగో, ఇలా. వెంట్రుక తెగదు, చప్పుడు మాత్రం వస్తుంది. కబురు బావుంటే మీ తల ఎప్పుడో అయిపోయినా ఇలా కాసేపు ఆడిస్తానండీ. ఆ మేస్త్రి కూడా షెడ్డులో ఉత్తినే సుత్తి కొడుతూ ఉంటాడు, చూడండి, ప్రతి అధ్యాయంలోనూ సుత్తి చప్పుడు ఉంటుంది!"

మాస్టారు మెల్లిగా లేచాడు. "అంటే ఇన్నేళ్ళు నా తల మీద మీరు గాలి కత్తిరించారా?"

"ఊరికే కాదండీ, మీ మాటలు బావుంటాయని."

"మరి నా మాట ఔనన్నారే?"

"అన్నానండి. అప్పటికి చదవలేదు."

"ఏ పుస్తకం చదవలేదు?"

"ఏదీ చదవలేదండి."

ఆ తర్వాత గోల గోలయింది. ఐదో పుస్తకం పేరు చెప్పి ఏళ్ళుగా కొట్టుకున్న మాస్టారూ మందుల షాపాయనా ఒకరి భుజం ఒకరు పట్టుకుని షట్టర్ కింద వంగి బయటపడ్డారు. "మేస్త్రి నిజాయితీపరుడండీ, నేను రుజువు చేస్తా" అని మాస్టారు అంటుంటే, "చెయ్యాలి మాస్టారూ, వదలకూడదు" అని ఆయన అందుకుంటున్నాడు. ఆ పుస్తకాన్ని తనే చెత్త అన్న సంగతి మాస్టారు అప్పటికే మర్చిపోయాడు. మేడమ్ వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మావాడికి మాత్రం గాలి కత్తిరించకండి, బడికి ఆలస్యమవుతోంది" అంది.

సాయంత్రం ఇంట్లో భార్య గిన్నెలు కడుగుతుంటే ఆయన పక్కన నిలబడి తుడుస్తున్నాడు. ఆవిడ నీళ్ళు కట్టేసి అడిగింది.

"ఇన్నేళ్ళలో నాతో బోలెడు ఔనులు అన్నారు. అందులో నిజమైనవి ఎన్ని?"

ఆయన ఆలోచించాడు. ఇదివరకైతే ఆలోచించేవాడు కాదు. "కొన్ని," అన్నాడు.

"ఏవి?"

"మీ నాన్న అడిగారుగా, మా అమ్మాయి నీకు నచ్చిందా అని. ఆ ఔను నిజమే."

ఆవిడ ఆయన మొహంలోకి తేరిపార చూసింది. "అది చదివి అన్నారా, చదవకుండా అన్నారా?"

ఆయన తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాడు. ఆవిడ మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది, కానీ భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని ఆయన ఒక క్షణం భయపడి, పక్కకి వంగి చూసి, ఊపిరి పీల్చుకున్నాడు.

వ్యవహారం అక్కడితో ఆగలేదు. లోపల ఒక అభిప్రాయం చేరాక దానికి తోడు ఇంకొన్ని వచ్చి కూర్చున్నాయి. బేకరీ రొట్టెలో ఉప్పు ఎక్కువన్నాడు. కూతురి ఆసుపత్రిలో తెల్ల యూనిఫాం కంటే లేతనీలం నయమన్నాడు. కుర్చీలో కూర్చున్నాయన ఇలా కత్తిరించండి అంటే, "మీ మొహానికి అది నప్పదండీ" అన్నాడు. మొదటి రెండు రోజులు భార్య మురిసిపోయింది. వారం తిరిగేసరికి, "పెళ్ళయిన కొత్తలో ఈ కాదనడం ఉండి ఉంటే నేనూ సాధన చేసి ఉండేదాన్ని. ఇప్పుడు అలవాటు తప్పిపోయానండీ" అని చేతులు జోడించింది.

బెంచీ ఖాళీ అయింది. బస్‌స్టాండు దగ్గర ఏసీ సెలూన్ ఒకటి కొత్తగా తెరిచారు. అక్కడ టీవీ పెట్టి ఉంటుంది, కత్తిరించేవాళ్ళు మాట్లాడరు. జనం అటు మళ్ళారు. ఔనండిగారికి దిగులేసింది. కానీ ఆ దిగుల్లో కూడా మేస్త్రి మీద కోపం చల్లారలేదు. ఖాళీ దొరికింది కదా అని మొదటి పుస్తకం నుంచి వరసగా అన్నీ చదవడం మొదలుపెట్టాడు. మేస్త్రి గురించి ఇంకెక్కడైనా ఒక ముక్క దొరక్కపోతుందా అని వెతికాడు. మేక మూడో పుస్తకంలో మ్యాపు తినేసినప్పుడు పైకి నవ్వాడు. ఏడోదాంట్లో అన్నాచెల్లెళ్ళు పోట్లాడుకున్నప్పుడు షట్టర్ దించి చదివాడు.

తొమ్మిదోదాంట్లో దొరికింది. ఒకే ఒక్క వాక్యం. పడవ ఆ రేవు మీదుగా పోతుంటే, మేస్త్రి షెడ్డు ముందు వేరే పడవ ఒకటి ఆగి ఉండడం, బెంచీ మీద వేరే పిల్లలు కూర్చుని వేడిగా ఏదో తాగుతుండడం చెల్లెలు పైనుంచి చూసి చెయ్యి ఊపుతుంది.

ఆయన పుస్తకం పట్టుకుని పక్క షాపుకి పరుగెత్తబోయాడు. అవసరం లేకపోయింది. గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నాడు, ఎండ లేకపోయినా నెత్తిన టోపీతో. టోపీ తీశాడు. ఏసీ సెలూన్‌వాళ్ళు ఒక పక్క బాగా గొరిగేసి, రెండో పక్క సంగతి మరిచిపోయినట్టున్నారు.

"టీవీ చూస్తూ కత్తిరించాడండీ," అన్నాడు మాస్టారు. "నాతో ఒక్క మాట లేదు. సరే, దానికోసం రాలేదు నేను. ఐదోది మళ్ళీ చదివాను. మళ్ళీ మళ్ళీ చదివాను. మేస్త్రి దొంగ కాదు."

"కూర్చోండి," అన్నాడు ఔనండిగారు, తువ్వాలు దులిపి. "ముందు ఇది చదవండి."

మాస్టారు ఆ వాక్యం చదివాడు. "చూశారా! మళ్ళీ పనే చేస్తున్నాడు. విశ్రాంతి ఎరగని మనిషి!"

"మళ్ళీ వేరే పిల్లల్ని కూర్చోబెట్టాడండీ!"

గొంతులు విని మందుల షాపాయన కౌంటరు వదిలేసి వచ్చాడు. అదే వాక్యం చదివి కళ్ళు తుడుచుకుని, "చెయ్యి ఊపింది చూడండి, ఇంకేం కావాలి?" అన్నాడు. వాక్యం ఒక్కటే, ముగ్గురూ దాన్ని ఎవరి పక్షానికి వాళ్ళు రుజువుగా రాసుకున్నారు. కొడుకుని వెంటపెట్టుకొచ్చిన మేడమ్ దాన్ని చూసి, అయితే తొమ్మిదోదాంట్లో ఆ పేజీ కూడా వదిలెయ్యాల్సిందేనంది.

మెల్లిమెల్లిగా బెంచీ మళ్ళీ నిండింది. తొందర్లో ఉన్నవాళ్ళు ఇప్పటికీ బస్‌స్టాండుకే వెళతారు. పోట్లాట కావలసినవాళ్ళు ఇక్కడికి వస్తారు. సంపాదన ఇదివరకటికంటే తగ్గింది. గొంతు మాత్రం అరిగింది.

ఈమధ్య ఒక శనివారం ఆ వీధికి కొత్తగా అద్దెకి దిగినాయన కటింగ్‌కి వచ్చాడు. మాస్టారు కుర్చీలో, మిగతావాళ్ళు చుట్టూ. గోలంతా విని ఆయన అలమర వైపు చూశాడు.

"నేను వీటిని చదవలేదండీ. ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?"

"ఐదోది మాత్రం వద్దు!" అన్నాడు మాస్టారు.

"అబ్బే, ఐదోదాంతో ఎవరైనా మొదలుపెడతారా?" అన్నాడు మందుల షాపాయన.

"అసలు దాని వైపు చూడకండి," అంది మేడమ్.

దానితోనే మొదలుపెట్టిన ఔనండిగారు కూడా కత్తెర ఆపి, "దాన్ని చివరికి ఉంచుకోండి" అన్నాడు. ఆ షాపులో నలుగురూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదలు. ఒకరి మొహం ఒకరు చూసుకుని కొంచెం సిగ్గుపడ్డారు.

కొత్తాయన తలూపాడు. లేచి, తొమ్మిదింటి వీపుల మీద వేలు పరుగెత్తించి, ఐదోదే బయటికి లాగి బెంచీ చివర కూర్చున్నాడు. తన వంతు వచ్చి ఔనండిగారు పిలిస్తే, పేజీలోంచి తలెత్తకుండానే, పక్కాయన్ని ముందు కానివ్వమని చెయ్యి ఊపాడు.